కుర్చీల సాఫ్ట్‌వేరుకి అద్దె ఇల్లు

లాకులపేటలో పెళ్లి కుదిరిందంటే జనం ముందు పురోహితుడి దగ్గరకి పోరు, కముజు వరహాలు దగ్గరకి పోతారు. పురోహితుడు ముహూర్తం చెప్పగలడు గానీ ఆ ముహూర్తానికి కుర్చీలున్నాయో లేవో చెప్పలేడు కదా! వరహాలు టెంట్ హౌస్‌లో పన్నెండొందల కుర్చీలు, నలభై షామియానాలు, దూడ నిలబడి స్నానం చెయ్యగలిగేటంత గంగాళాలు పద్దెనిమిది. ఏ కుర్చీ ఏ ఊరెళ్లింది, ఏ గంగాళం ఎవరి పెరట్లో బోర్లా పడుంది అన్నదంతా ఒకప్పుడు వరహాలు బుర్రలోనే ఉండేది. ఓసారి ఆ బుర్ర నిండిపోయి పొంగిపోయింది. బారసాలకి పంపాల్సిన ఉయ్యాల గ్రామసభకి వెళ్లిపోయింది. సర్పంచి గారు ఉయ్యాల్లో కూచుని ఊగుతూ బడ్జెట్ చదివారు.

ఆ మర్నాడే వరహాలు బామ్మర్ది తాతాజీ ఓ సాఫ్ట్‌వేరు రాసిచ్చాడు. తాతాజీకి బజార్లో కంప్యూటర్ సెంటర్ ఉంది. ఫోన్లో నొక్కితే చాలు, మూడువందల ఆరో నంబరు కుర్చీ ఎవరి కింద ఉందో చెప్పేస్తుంది. మూడేళ్లుగా ఒక్క తేడా రాకుండా నడుస్తోంది. ఆ సాఫ్ట్‌వేరు ఎక్కడుంటుందో వరహాలుకి తెలీదు, తెలుసుకోవాలన్న దురదా పుట్టలేదు. కరెంటు ఎక్కడ పుడుతుందో తెలుసుకునే ఫ్యానేస్తున్నాడా ఏంటి?

ఇలా హాయిగా ఉన్న ఊరికి సాంకేతిక మండలి వారి అవగాహన సదస్సు వచ్చి పడింది. చిన్న వ్యాపారులందరూ తప్పకుండా రావాలన్నారు. పెట్టే భోజనంలో పనసపొట్టు కూర ఉందని తెలిసి రానివాళ్లూ వచ్చారు. నగరం నుంచి ఓ నిపుణుడు దిగి మైకు పుచ్చుకున్నాడు.

"సాఫ్ట్‌వేరు పెట్టుకునే చోటుని క్లౌడ్ అంటారు. అది రెండు రకాలు. పెద్ద కంపెనీ వాళ్ల మిషన్లలో అందరితో పాటు మీరూ కాస్త చోటు అద్దెకి తీసుకుంటే పబ్లిక్ క్లౌడ్. మీ ఒక్కరికే అని మిషన్ పెట్టుకుంటే ప్రైవేటు క్లౌడ్. అర్థం కాలేదా? పబ్లిక్ అంటే అపార్టుమెంట్లో వాటా అనుకోండి. ప్రైవేటు అంటే సొంతిల్లు అనుకోండి. చిన్న వ్యాపారానికి ఏది సుఖమో, దేనికి ఖర్చు తక్కువో చూసుకుని ఎంచుకోండి. అంతే!"

జనం చప్పట్లు కొట్టారు. నిపుణుడు భోంచేసి, పెరుగు బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. పోలిక మాత్రం వెళ్లలేదు. సదస్సు వివరాలు రాసుకునే గుమాస్తా 'అనుకోండి' అన్న మాటలు రెండూ రాయలేదు, 'ఎంచుకోండి' అన్న చివరి వాక్యమైతే అసలే రాయలేదు. అప్పటికి పనసపొట్టు వాసన వచ్చేసింది మరి. ఆ కాగితం సర్క్యులర్ అయింది. సర్క్యులర్ పైకెళ్లి ఉత్తర్వై కిందికి దిగింది. దిగేలోగా మండలి పేరు మధ్యలో 'ఆవాస' అన్న మాట కూడా వచ్చి కూచుంది. చిరు వ్యాపార సాంకేతిక ఆవాస మండలి!

ఉత్తర్వు పుచ్చుకుని డిప్యూటీ డైరెక్టర్ సుదర్శనం గారు వరహాలు గోడౌను ముందు జీపు దిగారు. చేతిలో లక్క, కొవ్వొత్తి, కొలిచే టేపు.

"వరహాలూ, మీరు వినియోగించుచున్న సాఫ్ట్‌వేరు యొక్క నివాస స్థితి ఏమిటి?"

"బాగానే ఉందండి. మీ దయ."

"ఎక్కడ ఉన్నదని అడుగుచున్నాను. సొంతింటిలోనా, వాటాలోనా?"

వరహాలు తాతాజీ కేసి చూశాడు. తాతాజీ ముందుకొచ్చాడు. "ఓ కంపెనీ మిషన్లో ఉందండి. అందరితో పాటే."

"వాటా అన్నమాట. ఏ అంతస్తు?"

"అంతస్తులుండవండి. అదో..."

"అంతస్తు లేదు. తలుపు నంబరు?"

"లేదండి."

"తూర్పు హద్దు ఏమిటి, పడమర హద్దు ఏమిటి?"

సుదర్శనం గారు ఉత్తర్వు తీసి చదివారు. "నిర్దిష్ట నివాసము చూపజాలని సాఫ్ట్‌వేరు సంచార సాఫ్ట్‌వేరుగా పరిగణించబడును. సంచార సాఫ్ట్‌వేరు వాడు వ్యాపారి సరుకునకు సీలు వేయబడును." చదవడం అవుతూనే లక్క కరిగించి గోడౌను తాళం మీద పోసేశారు.

వరహాలు లబోదిబోమన్నాడు. "అయ్యా, పన్నెండో రోజున మాఘమాసం ముహూర్తం. ఆ ఒక్కరోజే పది పెళ్లిళ్లండి బాబూ! పదింటికీ బయానా పుచ్చుకున్నాను. పెళ్లికొడుకుల్ని చాపల మీద కూచోబెట్టమంటారా?"

"అది వివాహ శాఖవారి పరిధి," అన్నారు సుదర్శనం గారు. అలాంటి శాఖ ఉందో లేదో కనుక్కునేలోగా జీపు కదిలిపోయింది.

ఇంటికొచ్చాక వరహాలు భార్య మంగతాయారు విషయమంతా విని ఒకటే మాటంది. "సొంతిల్లు కట్టేద్దాం. పరాయి పంచన ఎందుకు మనకి?"

మర్నాడు పెరట్లో పని మొదలైంది. తాతాజీ తన సెంటర్లో మూలపడున్న కంప్యూటరొకటి మోసుకొచ్చాడు. దాని చుట్టూ నాలుగు గోడలూ పైన రేకూ లేచాయి. నాలుగో రోజు సుదర్శనం గారు టేపు పట్టుకొచ్చారు. తూర్పున మూడడుగులు, ఉత్తరాన మూడడుగులు వదిలారా లేదా చూశారు. ఇంకుడు గుంత చూశారు. చూసి, కనుబొమలు ముడిచారు.

"మరుగుదొడ్డి ఏది?"

"ఎవరికండి?" అన్నాడు వరహాలు.

"నివసించువారికి."

"సాఫ్ట్‌వేరు దొడ్డికెళ్లదండి."

"వెళ్లునా, వెళ్లదా అన్నది దాని వ్యక్తిగత విషయము. అందులో మండలి జోక్యం చేసుకోదు. ఇల్లన్నాక మరుగుదొడ్డి ఉండవలెను."

రెండు రోజుల్లో దొడ్డి కూడా లేచింది, గులాబి రంగు తలుపుతో. లబ్ధిదారు దాని ముందు నిలబడి ఫొటో దిగాలని రూలు. లబ్ధిదారు నిలబడలేదు కాబట్టి తాతాజీ కంప్యూటర్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు. ఫొటోలో కంప్యూటర్ కళ్లు మూసుకుందని మళ్లీ తీయించారు. స్విచ్చి వేసి తీశాక ఒప్పుకున్నారు.

ఇంకేముంది, అయిపోయిందనుకున్నాడు వరహాలు. సుదర్శనం గారు ఆఖరి పేజీ తిప్పారు.

"ఇంటి పట్టా మహిళల పేరిట మాత్రమే ఇవ్వబడును. సదరు సాఫ్ట్‌వేరు స్త్రీయా?"

"అది ఆడా కాదు మగా కాదండి," అన్నాడు తాతాజీ.

"స్త్రీ కానిచో దరఖాస్తు తిరస్కరించడమైనది."

"ఆడదే అనెయ్యలేకపోయావా తింగరోడా!" అని వరహాలు బామ్మర్ది వీపు మీద ఒక్కటిచ్చాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పాను బావా," అని ఏడుపు మొహం పెట్టాడు తాతాజీ. ఆ పూట నుంచీ గులాబి తలుపు దొడ్డిని వీధి వీధంతా వాడుకుంటోంది. మొదటిరోజు ఎవరో అగరొత్తులు కూడా వెలిగించి వెళ్లారు.

మిగిలింది వాటా. ముహూర్తం ఇంకా ఆరు రోజులుంది. ఆడపెళ్లివారు పదిమందీ వరహాలు ఇంటి అరుగు మీద మకాం పెట్టారు. కుర్చీలు సీలులో ఉన్నాయి కాబట్టి నేల మీదే కూచున్నారు. లేచేటప్పుడు మోకాళ్లు పట్టుకుని వరహాలునే తలుచుకుంటున్నారు, ఏ మాటలతోనో చెప్పక్కర్లేదు.

"వాటాలో దిగుటకు ఇరుగుపొరుగు వాటాదారుల నిరభ్యంతర పత్రాలు సమర్పించవలెను," అన్నారు సుదర్శనం గారు.

తాతాజీ కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమంటే ఒకటి, తొమ్మిది నొక్కమంటే తొమ్మిది నొక్కీ నొక్కీ చివరికి ఓ అమ్మాయి దొరికింది. ఒకే మిషన్లో ఎవరెవరున్నారో చెప్పకూడదట. ఒకరిది ఒకరికి కనపడదట, మధ్యలో గోడలున్నాయట.

ఆ మాటే చెబితే సుదర్శనం గారికి ఒళ్లు మండిపోయింది. "పక్కవాటాలో ఎవరున్నారో తెలియకుండా కాపురం ఎట్లు చేయుదురు? పాలు తోడు పెట్టుకొనుటకు కాస్త పెరుగు కావలెనన్న ఎవరిని అడుగుదురు?"

తాతాజీ పట్టుదల మనిషి. ఇంటర్నెట్టులో ఆ కంపెనీ పేరు చెప్పుకునే వ్యాపారాలన్నింటికీ ఉత్తరాలు రాశాడు. రెండు రోజుల్లో నలభైమూడు జవాబులొచ్చాయి! నార్వే నుంచి చేపల వ్యాపారి అభ్యంతరం లేదన్నాడు, కుర్చీలు ఈడ్చిన చప్పుడు మాత్రం రాకూడదన్నాడు. కెన్యా నుంచి పూలతోట ఆవిడ శుభాకాంక్షలు చెప్పి, పైవాటా ఖాళీ అయితే వాళ్ల చెల్లెలికి చెప్పమంది. జపానులో పళ్ల డాక్టరు ఒకాయన ఇంట్లో ఎండుచేపలు వేయించరు కదా అని మర్యాదగా అడిగాడు. మంగతాయారు వేయించనని ఒట్టేసి జవాబు రాయించింది.

నలభైమూడు కాగితాలూ సుదర్శనం గారి బల్ల మీద పడ్డాయి. ఆయన ప్రతి కాగితం మీదా కుడివైపు మూల పొట్టి సంతకం పెట్టారు. అప్పుడడిగారు.

"కుటుంబీకులా, బ్రహ్మచారియా?"

"ఎవరండి?"

"సాఫ్ట్‌వేరు. దీనితో కలిసి ఉండు వేరొక సాఫ్ట్‌వేరు కలదా?"

"లేదండి. ఇది ఒక్కటే," అన్నాడు తాతాజీ. ఈసారి కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పాడు మహానుభావుడు.

"అపార్టుమెంటులలో బ్రహ్మచారులకు వాటా ఇవ్వరు. లోకవిదితము. కుటుంబముతో రండి."

వరహాలు మెట్ల మీద కూలబడ్డాడు. కూలబడినవాడు చటుక్కున లేచాడు. పెళ్లిళ్ల వ్యాపారం చేసేవాడికి పెళ్లి చెయ్యడం ఓ లెక్కా! పక్కవీధిలో వంటల కామేశం దగ్గర వంటకాల సాఫ్ట్‌వేరుంది. ఎంతమందికి ఎన్ని కుంచాల బియ్యం, ఎన్ని కొబ్బరికాయలు అన్నీ చెబుతుంది. కుర్చీలకీ వంటలకీ ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?

సాయంత్రానికి తాంబూలాలు పుచ్చేసుకున్నారు. రెండు ఫోన్లు పళ్లెంలో పక్కపక్కన పెట్టి పసుపు రాశారు. "మనమే మొగపెళ్లివారం," అంది మంగతాయారు, పట్టుచీర అంచు సర్దుకుంటూ.

"అదెలా కుదురుద్దమ్మా? మాది రోజుకి మూడుపూట్లా పనిచేస్తది. మీది పెళ్లిళ్లప్పుడే గదా లేచేది!" అన్నాడు కామేశం.

"మీది కూర్చుని తినేది కామేశం గారూ. మాది పదిమందిని కూచోబెట్టేది!"

ఆ గొడవ తేలకుండానే పెళ్లి దరఖాస్తు మండలికి వెళ్లింది. సుదర్శనం గారు పుట్టినతేదీ గడి దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన మొహం కందగడ్డలా అయింది.

"మూడేళ్లా! మూడేళ్ల పసిదానికి పెళ్లా! బాల్య వివాహము! వరహాలూ, మీరు ఇంతటి దుర్మార్గులని నేను కలలోనైనా అనుకొనలేదు!"

"అయ్యో, మరి మీరే కదండీ కుటుంబం ఉండాలన్నారు!"

"మైనరు అని తెలిసిన తరువాత వాటా లేదు, ఇల్లు లేదు, పెళ్లి లేదు. ముందు అంగన్‌వాడీలో చేర్పించి రండి. ఆరోగ్య పరీక్ష తరువాతనే తదుపరి చర్య."

ముహూర్తానికి మూడు రోజులుంది. అంగన్‌వాడీ టీచరు రత్నమాణిక్యం మంచి మనిషి. ఫోన్ చేతికిస్తే, ఎవరిని తెచ్చారు అని కూడా అడగలేదు. మండలి కాగితం చూసి, పిల్లల్ని తూచే ఉయ్యాల త్రాసులో ఫోన్ పడుకోబెట్టింది. తర్వాత ఆలోచించి, అదే రకం ఫోన్ సాఫ్ట్‌వేరు లేనిది ఇంకోటి తెప్పించి తూచింది. పలక మీద ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి చూసింది.

"సున్నా," అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మూడేళ్లొచ్చాయి, బరువు సున్నా! ఎత్తు కూడా లేదు! ఏం పెడుతున్నారండీ దీనికి?"

"కుర్చీ నంబర్లండి," అన్నాడు తాతాజీ.

"ఛీ! నంబర్లు తింటే ఒంటికి పడతాయా?" అని రత్నమాణిక్యం కార్డు మీద ఎర్ర గీత గీసి 'అతి తీవ్ర పోషణ లోపం' అని రాసింది. రోజుకో గుడ్డు, గ్లాసుడు పాలు, వేరుశనగ చిక్కీ. సాఫ్ట్‌వేరు వాటా తాతాజీ తిన్నాడు. రెండు రోజుల్లో తాతాజీకి బుగ్గలొచ్చాయి. సాఫ్ట్‌వేరు మళ్లీ తూస్తే మళ్లీ సున్నా.

ముహూర్తం రేపనగా పొద్దున్నే పదిమంది ఆడపెళ్లివారూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన, ఓ పెళ్లికూతురి తాత, వరహాలు భుజమ్మీద చెయ్యేశాడు.

"నాయనా, మా మనవరాలు పుట్టకముందే నీ కుర్చీలకి మాటిచ్చాను. రేపు మొగపెళ్లివారు మూడొందల మంది లారీల్లో దిగుతారు. ఆళ్లని నిలబెట్టి నేను బతకలేను. ఏదో ఒకటి సెప్పు."

తిట్టుంటే వరహాలు ఓర్చుకునేవాడే. తిట్టలేదు, అదే దెబ్బ కొట్టింది. పక్కనే తాతాజీ చిక్కీ నవుల్తూ ఎర్రగీత కార్డు పట్టుకుని నిలబడున్నాడు. వరహాలు ఆ కార్డు లాక్కుని చదివాడు. ఇంకోసారి చదివాడు. తలపాగా విప్పి, నోట్లో గుడ్డ కుక్కుకుని, భోరుమన్నాడు.

"ఏమైంది బావా?"

"పోయిందిరా తాతాజీ! మన సాఫ్ట్‌వేరు పోయింది!"

"ఎక్కడికి? ఇప్పుడేగా నొక్కాను, బానే..."

వరహాలు అతని కాలు తొక్కాడు. మూడేళ్లలో మొదటిసారి తాతాజీ ఉన్నది ఉన్నట్టు చెప్పడం మానేశాడు. ఆయ్, ఏడుపు కూడా బాగానే ఎత్తుకున్నాడు.

అరగంటలో వరహాలు మండలి గుమ్మంలో ఉన్నాడు. వెనకాల పదిమంది ఆడపెళ్లివారు, వాళ్ల చుట్టాలు, కామేశం, నలభైమూడు ఉత్తరాల కట్ట మోస్తూ మంగతాయారు. కెన్యా ఆవిడ సంతాపం కూడా వచ్చేసిందని మంగతాయారు అంటోంది గానీ అది నమ్మక్కర్లేదు.

"అయ్యా! మూడేళ్ల పసిది, మీ మండలి కాగితం మీద ప్రభుత్వ సంరక్షణలో చేరింది. అతి తీవ్ర పోషణ లోపం అని మీకూ తెలుసు, కార్డు మీకూ వచ్చింది. ఇల్లివ్వలేదు. వాటా ఇవ్వలేదు. రాత్రీ పగలూ ఆరుబయటే ఉందండి. పోయింది. ఎలా పోయిందో రేపు పేపరోళ్లడిగితే ఏం చెప్పమంటారు?"

సుదర్శనం గారు ఫైల్లోంచి కార్డు తీసి చూశారు. ఎర్ర గీత కార్డు కింద ఆయన పొట్టి సంతకమే ఉంది మరి. పోషణ లోపం. ప్రభుత్వ సంరక్షణ. ఆరుబయట. మూడు మాటలూ కలిపితే విచారణ సంఘం అవుతుంది. ఆ సంఘానికి టీ ఎవరు తెప్పించాలో కూడా ఆయనకి కనపడిపోయింది.

"వరహాలూ... ఇది... సహజ మరణము కదా?"

"మీరెలా రాస్తే అలాగేనండి."

సుదర్శనం గారు రాసిన వేగానికి కాగితం మీంచి పొగలొచ్చాయని చెప్పుకుంటారు ఊళ్లో. 'సదరు సాఫ్ట్‌వేరు సహజ కారణముల చేత కాలధర్మము చెందినది. మృతులకు నివాసము ఆవశ్యకము కాదు. నివాసము ఆవశ్యకము కాని చోట సీలు ఆవశ్యకము కాదు. శోకతప్త కుటుంబమునకు మానవతా దృక్పథముతో వెంటనే కుర్చీలు విడుదల చేయవలెను.' ఆయనే స్వయంగా వచ్చి లక్క చెక్కేశారు. వేలికి గుచ్చుకుంటే కూడా కిక్కురుమనలేదు.

ఆ రాత్రి లాకులపేటలో ట్రాక్టర్లు ఆగలేదు. మర్నాడు పది ముహూర్తాలకీ పదిచోట్లా జనం కాలు మీద కాలేసుకుని కూచున్నారు. ఆ పెళ్లికూతురి తాతగారింటికి మొగపెళ్లివారు మూడొందలనుకుంటే నాలుగొందల మంది దిగారు. కుర్చీలు తక్కువ పడలేదు. ఫలానా పెళ్లిలో వడ్డన తొందరగా అయిపోయింది, అక్కడి వంద కుర్చీలు ఇక్కడికి తోలెయ్యి అని తాతాజీ ఫోను ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంది మరి.

వారం తిరిగాక ఓ మధ్యాహ్నం సుదర్శనం గారు ఒక్కరే, నడిచి, గోడౌనుకొచ్చారు. వరహాలు గడప మీద కూచుని ఫోన్లో కుర్చీలు నొక్కుతున్నాడు. దాచెయ్యడానికి టైము లేకపోయింది.

"అది... చనిపోయిన సాఫ్ట్‌వేరే కదా?"

"ఆయ్. అదేనండి," అన్నాడు వరహాలు. ఇంక అబద్ధమాడే ఓపిక లేదు.

"చనిపోయిన పిమ్మట పని చేయుచున్నదా?"

"చనిపోయాక పని చెయ్యకూడదని మీ ఉత్తర్వులో ఎక్కడైనా ఉందేంటండి?"

సుదర్శనం గారు జేబులోంచి ఉత్తర్వు తీశారు. మొదటి పేజీ చూశారు, వెనక పేజీ చూశారు, కిందున్న చిన్నక్షరాలు చూశారు. మడిచి జేబులో పెట్టేసుకున్నారు. ఇటూ అటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఓ కుర్చీ లాక్కుని కూచున్నారు. కూచోగానే ఆయన కళ్లు మూసుకుపోయాయి. అంత సుఖంగా మనిషి కూచోడం వరహాలు తన వ్యాపారంలో ఎన్నడూ చూళ్లేదు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

"వరహాలూ," అన్నారాయన, కళ్లు తెరవకుండానే, మండలి భాష మర్చిపోయి. "మా ఆఫీసు హాజరు సాఫ్ట్‌వేరుకి కూడా ఇల్లు దొరకలేదయ్యా. రూలు రూలే కదా. నా కుర్చీకి నేనే సీలేసుకున్నాను. నెల్లాళ్లుగా నిలబడే సంతకాలు పెడుతున్నాను. కాళ్లు చూడు, అరటిబోదెల్లా అయిపోయాయి." గొంతు ఇంకా తగ్గించారు. "మీదాన్ని ఎలా చంపారో నాకు కాస్త చెబుతావా?"

వరహాలు ఆయన కాళ్ల కింద ఓ పీట జరిపాడు. ఫోన్ అందుకుని తేదీ చూశాడు.

"అదెంత పనండీ! సంతాప సభకి ఎన్ని కుర్చీలు పంపమంటారు?"